పసిఫిక్ నావికుల గురుపరంపర

సుమారు 3,000 ఏళ్ల కిందటే లాపిటా ప్రజలు ఫిజీ, టోంగా, సమోవా దీవులకు చేరారు. అక్కడ శతాబ్దాల తరబడి ఆగిపోయారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో వారి సంతతి మళ్లీ తెరచాపలెత్తింది. మరో మూడు వందల ఏళ్లకు తాహితీ, హవాయి, ఈస్టర్ దీవి, న్యూజిలాండ్ అన్నీ వారి ఊళ్లయ్యాయి. ఇనుప మేకు ఎరగని జంట పడవలను కొబ్బరిపీచు తాళ్లతో బిగించి, కోళ్లూ చేమదుంపలూ పిల్లాపాపలతో సహా బయలుదేరిన జనం వాళ్లు. దక్షిణ అమెరికా చిలగడదుంప ఐరోపావారి కంటే ముందే వారి చేలకు చేరింది.

1769లో కెప్టెన్ కుక్ తాహితీకి వచ్చినప్పుడు రయాతేయా దీవికి చెందిన పూజారి, నావికుడు తుపాయా ఆ ఓడ ఎక్కారు. డెబ్బైకి పైగా దీవుల పేర్లు చెప్పి పటం తయారు చేయించారు. మరుసటి ఏడాది డిసెంబరులో బటావియాలో జబ్బుచేసి చనిపోయారు. ఆయన దగ్గర కూర్చుని ఆ నావిక విద్యను మొదటి నుంచీ నేర్చుకున్నవారు ఓడలో ఒక్కరూ లేరు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించేది ఆ మరణమే.

తర్వాత వచ్చిన అంటురోగాలు, పరాయి పాలన దూరప్రయాణాలను తుడిచిపెట్టాయి. పూర్వులు సాధించిన ఘనత కూడా అనుమానంలో పడింది. 1947లో థోర్ హెయర్‌డాల్ కాన్-టికీ తెప్ప మీద పెరూ నుంచి కొట్టుకువచ్చి, ఈ జనం అమెరికా నుంచి వచ్చారన్నాడు. 1956లో ఆండ్రూ షార్ప్, దూరపు దీవులు దారి తప్పిన పడవలకు దొరికినవే తప్ప వెతుక్కుంటూ వెళ్లినవి కావన్నాడు.

దీనికి జవాబుగా 1973లో హవాయిలో పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ పుట్టింది. పాత పద్ధతి జంట పడవ హోకులేయా 1975లో నీటిలో దిగింది. ఆ పేరు మన స్వాతి నక్షత్రానిదే. హవాయి నడినెత్తి మీదుగా సాగే చుక్క అది. పడవ సిద్ధమైంది కానీ దాన్ని నడిపే విద్య హవాయిలో మిగల్లేదు. మైక్రోనేషియాలోని చిన్న దీవి సతవాల్ నుంచి మౌ పియాయిలుగ్ వచ్చారు. పసితనంలోనే తాత ఆయనను సముద్రపు నీటిగుంటల్లో కూర్చోబెట్టి అల కదలికను ఒంటికి పట్టించాడు. చాప మీద రాళ్లు గుండ్రంగా పేర్చి ఏ చుక్క ఎక్కడ ఉదయిస్తుందో, ఎక్కడ అస్తమిస్తుందో నేర్పారు. మబ్బు కమ్మిన రాత్రి అలల ఊపే దిక్కు చెప్పాలి. 1976 మే 1న మావీ దీవిలో బయలుదేరిన పడవ, ఆయన ఎన్నడూ వెళ్లని దారిలో, జూన్ 4న పపేతే చేరింది. వేలాది జనం రేవుకు తరలివచ్చారు.

షార్ప్ వాదానికి అక్కడే జవాబు దొరికింది. నా మట్టుకు అసలు విజయం 1980 నాటిది. రెండేళ్ల ముందు, 1978 మార్చిలో, హోకులేయా తుఫానులో బోల్తా పడింది. సాయం తెస్తానని సర్ఫ్‌బోర్డు మీద బయలుదేరిన పడవ సిబ్బందిలోని ఎడ్డీ ఐకావు తిరిగి రాలేదు. ఆ దుఃఖంలో హవాయి యువకుడు నైనోవా థాంప్సన్ మళ్లీ మౌను ఆశ్రయించారు. విద్య బయటివారికి చెప్పకూడదన్న కట్టు మౌ ఊళ్లో ఉంది. సతవాల్ కుర్రాళ్లు నేర్వకపోతే అది తనతో పోతుందని ఆయనకు తెలుసు. ఆక్షేపణలు భరించి, కట్టు దాటి నేర్పారు. నైనోవా అంతకు ముందే హొనొలులూ ప్లానెటేరియంలో కూర్చుని ఆకాశాన్ని చదువుకున్నారు. సదరన్ క్రాస్ అడుగు చుక్క క్షితిజం నుంచి ఎంత ఎత్తులో ఉందో, పై చుక్క దానికి అంతే ఎత్తున నిలిస్తే పడవ హవాయి అక్షాంశంలో ఉన్నట్టే.

పుస్తకానికి అందని సంగతులు మౌ చెప్పారు. 1980లో నైనోవా తాహితీకి నడిపిన ప్రయాణంలో ఒక రోజు తెల్లవారాక ఒక పక్షి కనిపించింది. పొద్దున పక్షులు నేల వదిలి వేటకు వెళ్తాయి కాబట్టి నైనోవా పడవను ఎదురు దిక్కుకు తిప్పారు. పక్షి వెళ్లిన వైపే పోనిమ్మన్నారు మౌ. దాని ముక్కున చేప ఉంది. అది గూట్లో పిల్లల కోసం వెళ్తోంది. కొన్ని శతాబ్దాల తర్వాత పరికరాలు లేకుండా ఆ దారిలో పడవ నడిపిన తొలి హవాయి మనిషి నైనోవా.

2007లో సతవాల్‌లో మౌ నైనోవాతో పాటు మరో నలుగురు హవాయివారికి నావిక ఆచార్యులుగా ప్వో దీక్ష ఇచ్చారు; 2010లో కన్నుమూశారు. హోకులేయా 2014–17లో ప్రపంచం చుట్టి వచ్చింది. 2018లో చిత్త నక్షత్రం పేరున్న పడవ హికియానాలియాను కాలిఫోర్నియా దాకా నడిపింది లెహువా కమాలు, మౌ శిష్యుల శిష్యురాలు.