బ్యాక్టీరియా జాడ తెలిపే బంగారు రేణువులు

రోగి రక్తంలోనో, పుండు నుంచి కారే చీములోనో ఏ సూక్ష్మజీవి చేరిందో తెలుసుకొనేందుకు ఆసుపత్రుల్లో నేటికీ కల్చర్ పరీక్షే ప్రధాన ఆధారం. నమూనాను పోషక పదార్థంలో ఉంచి బ్యాక్టీరియాను పెంచాలి. ఫలితం రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. రక్తంలో ఇన్ఫెక్షన్ వ్యాపించిన రోగికి ఆ వ్యవధే ప్రాణాంతకం కావచ్చు. ఈలోగా వైద్యులు అంచనా మీద యాంటీబయోటిక్ మొదలుపెట్టక తప్పదు. ఈ జాప్యాన్ని తగ్గించేందుకు శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్న మార్గాల్లో కాంతిని వెదజల్లే లోహ నానో రేణువులు ఒకటి.

ఆభరణంలోని బంగారం పసుపుపచ్చగా మెరుస్తుంది. అదే బంగారం 20 నానోమీటర్ల రేణువులుగా నీటిలో ఉంటే ద్రావణం ఎర్రగా కనిపిస్తుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అయితే ఈ రేణువులు స్వయంగా చెప్పుకోదగిన వెలుగును ఇవ్వవు. పరిమాణం సుమారు 2 నానోమీటర్ల కంటే తగ్గి, ఒక్కో రేణువులో కొన్ని పదుల పరమాణువులే మిగిలినపుడు బంగారం లోహ స్వభావాన్ని కోల్పోతుంది. ఎలక్ట్రాన్ల శక్తి స్థాయులు విడివిడిగా చీలిపోతాయి. అటువంటి రేణువు అతినీలలోహిత కాంతిని గ్రహించి, ఎర్రని కాంతిని విడుదల చేయగలదు. వీటినే నానోక్లస్టర్లు అంటారు.

వీటి తయారీ ఆశ్చర్యం కలిగించేంత సులువు. 2009లో సింగపూర్ పరిశోధకులు పశువుల రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను బంగారు లవణ ద్రావణంలో కలిపి, క్షారగుణం పెంచి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 12 గంటలు ఉంచారు. దాదాపు 25 పరమాణువుల క్లస్టర్లు ఏర్పడ్డాయి. అంటే మనిషి ఒంటి వేడి చాలు, కొలిమి అక్కరలేదు. ప్రొటీనే బంగారు అయాన్లను లోహంగా మార్చి, చుట్టూ తొడుగులా నిలుస్తుంది.

బ్యాక్టీరియాను గుర్తుపట్టేది ఆ తొడుగే. 2012లో తైవాన్ పరిశోధకులు మానవ ఆల్బుమిన్ తొడుగు గల క్లస్టర్లు స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు ప్రత్యేకంగా అంటుకుంటాయని ప్రకటించారు. చీము గడ్డలు మొదలు రక్త ఇన్ఫెక్షన్ల వరకు కారణమయ్యే బ్యాక్టీరియా ఇది. నమూనాలో క్లస్టర్లను కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మిగిలిన ద్రవాన్ని కడిగివేస్తారు. అడుగున చేరిన బ్యాక్టీరియా అతినీలలోహిత దీపం కింద ఎర్రగా వెలిగితే అది ఉన్నట్లే. కన్నీరు, కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్‌ను, వాంకోమైసిన్ ఔషధాన్ని కూడా తొడుగులుగా ప్రయోగించారు.

కాగా ప్రయోగశాలకు, ఆసుపత్రి వార్డుకు మధ్య దూరం తక్కువేమీ కాదు. ఇన్ఫెక్షన్ సోకిన పెద్దల రక్తంలో మిల్లీలీటరుకు వంద లోపు బ్యాక్టీరియా మాత్రమే ఉండటం సాధారణం. అంత తక్కువ సంఖ్య దీపం కింద కంటికి ఆనదు. పైగా రక్తంలో లీటరుకు 35 నుంచి 50 గ్రాముల ఆల్బుమిన్ సహజంగానే ఉంటుంది. అది క్లస్టర్ల తొడుగుతో పోటీ పడే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

మరో చిక్కు ఇంకా పెద్దది. మెథిసిలిన్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం 1961లో బ్రిటన్‌లో బయటపడింది. 2019లో ప్రపంచవ్యాప్తంగా లక్షకు పైగా మరణాలకు దాని ఔషధ నిరోధకతే కారణమని అంచనా. తైవాన్ క్లస్టర్లు మామూలు రకానికీ, ఈ మొండి రకానికీ ఒకే తీరున అంటుకుంటాయి. కాబట్టి శత్రువు ఎవరో చెప్పగలవు గాని, ఏ మందుకు లొంగుతుందో చెప్పలేవు. అందుకు జన్యు పరీక్షనో, కల్చర్ పరీక్షనో ఆశ్రయించాల్సిందే.