మధుమేహ నివారణలో సాముదాయిక జీవనశైలి కార్యక్రమాలు

టైప్ 2 మధుమేహం ఇంకా రాకపోయినా వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి, వారు నివసించే చోటే తిండి, నడక, బరువు విషయాల్లో మార్పు అలవాటయ్యేదాకా నెలల తరబడి వెంట ఉండి నడిపించే ప్రజారోగ్య కార్యక్రమాలివి. ఎక్కువగా బృందాలుగా, ఆసుపత్రి గడప బయట జరుగుతాయి. నడిపేది శిక్షణ పొందిన కార్యకర్తలు, కొన్నిచోట్ల ఇరుగుపొరుగువారే. ఒక్కరోజు వైద్య శిబిరాలను, ఉచిత రక్తపరీక్షలను కూడా పత్రికలు ఇదే కోవలో చేరుస్తుంటాయి. వరుస తరగతులు, తిరిగి పలకరింపు లేని కార్యక్రమాన్ని ఈ వ్యాసంలో లెక్కలోకి తీసుకోలేదు.

అంచున ఉన్నవారు

జనం ‘బోర్డర్ షుగర్’ అనే స్థితిని కొలవడంలోనే భేదాభిప్రాయాలున్నాయి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూస్తే డెసిలీటరుకు 140 నుంచి 199 మిల్లీగ్రాముల మధ్య ఉండటం ఒక కొలత. దీని మీద దాదాపు వివాదం లేదు. పరగడుపు చక్కెర విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 నుంచి లెక్కిస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2003లో ఆ గీతను 100కు దించింది. మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను వాడేవారు మరో గుంపును పట్టుకుంటారు. ఏ కొలతతో మనుషుల్ని ఎంచుకున్నారన్నదాన్ని బట్టి కార్యక్రమ ఫలితం మారిపోతుంది కాబట్టి, ఒక దేశపు శాతాన్ని ఇంకో దేశపు శాతం పక్కన పెట్టేముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఎక్కడ మొదలైంది

కొందరు రచయితలు చరిత్రను స్వీడన్‌లోని మాల్మోతో మొదలుపెడతారు. అక్కడ నడివయసు మగవారి మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 1991లో వచ్చాయి. అయితే ఎవరు ఏ బృందంలో చేరాలన్నది అక్కడ చీటీ పద్ధతిలో నిర్ణయం కాలేదు. చైనాలోని దాచింగ్ అధ్యయనానికే మొదటి స్థానం ఇవ్వడం సబబు. దానికి కొందరు 1986 అనీ, కొందరు 1997 అనీ వేస్తారు. మొదటిది పని ఆరంభించిన ఏడు, రెండోది ఆరేళ్ల ఫలితాలు అచ్చయిన ఏడు.

చమురు బావుల నగరమైన దాచింగ్‌లో పాన్ షియావోరెన్ బృందం 1,10,660 మందిని పరీక్షించి 577 మందిని తీసుకుంది. వ్యక్తులను విడివిడిగా కాక 33 క్లినిక్‌లను విభజించి, ఒక్కో క్లినిక్ వారందరికీ ఒకే పద్ధతి ఇచ్చింది. సాముదాయిక లక్షణం అక్కడే కనిపిస్తుంది. ఆరేళ్లలో ఏ సలహా పద్ధతీ లేని వారిలో 67.7 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఆహార నియమం పాటించినవారిలో 43.8, వ్యాయామం చేసినవారిలో 41.1, రెండూ చేసినవారిలో 46 శాతం. రెండూ కలిపితే రెట్టింపు మేలు జరగలేదన్నది చాలామంది గుర్తు చేయని విషయం. ముప్పై ఏళ్ల తర్వాత, 2019లో వెలువడిన లెక్కల ప్రకారం ఈ మూడు బృందాలవారికీ వ్యాధి సగటున నాలుగేళ్లకు కాస్త తక్కువగా వాయిదా పడింది, గుండె జబ్బులూ మరణాలూ తగ్గాయి.

ఫిన్లాండ్‌లో 522 మందితో యాక్కో తువోమిలెహ్తో బృందం చేసిన అధ్యయనం 2001లో, అమెరికాలో 27 కేంద్రాల్లో 3,234 మందితో చేసినది 2002లో వచ్చాయి. రెండింటిలోనూ ముప్పు 58 శాతం తగ్గింది. అమెరికా లక్ష్యాలు శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. అదే అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ మాత్ర తగ్గించింది 31 శాతమే. ఈ 58 అంకెను ఆ తర్వాత ప్రపంచమంతా ఊరూరి కార్యక్రమాలకూ వాడుతున్నారు. అది విడివిడిగా నియమించిన శిక్షకులు ఒక్కొక్కరినీ వెంటాడి సాధించిన ఫలితమనీ, వీధి స్థాయిలో దాన్ని ఆశించడం న్యాయం కాదనీ ఇక్కడ చెప్పాలి.

కేంద్రం నుంచి వీధికి

ఒక్కొక్కరి వెంటా శిక్షకులను పెట్టడానికయ్యే ఖర్చును తగ్గించే ప్రయత్నాల్లో తొలి ఉదాహరణ ఇండియానాపోలిస్‌ది. వైఎంసీఏ వ్యాయామశాల శిక్షకులే తరగతులు చెప్పారు. 92 మందితో జరిగిన ఈ చిన్న ప్రయత్నం ఫలితాలను 2008లో రోనాల్డ్ అకర్‌మన్ బృందం ప్రకటించింది. ఆరు నెలల్లోపు బృందంగా నేర్చుకున్నవారి బరువు 6 శాతం, మిగిలినవారిది 2 శాతం తగ్గింది. దీని తోవలోనే అమెరికా 2010లో జాతీయ కార్యక్రమానికి చట్టబద్ధత ఇచ్చింది. 2018 ఏప్రిల్ నుంచి వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ ఈ తరగతుల ఖర్చు భరిస్తోంది. ఇంగ్లండ్ జాతీయ ఆరోగ్య సేవ 2016లో ఇటువంటిదే ఆరంభించింది.

భారతదేశంలో

చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రకటించిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఇక్కడి చర్చకు పునాది. మూడేళ్లలో మామూలు సలహా పొందినవారిలో 55 శాతం మందికి వ్యాధి వచ్చింది. జీవనశైలి మార్చుకున్నవారిలో 39.3, మెట్‌ఫార్మిన్ వాడినవారిలో 40.5, రెండూ చేసినవారిలో 39.5 శాతం. పాశ్చాత్య అధ్యయనాల్లో కనబడని సంగతి ఒకటి ఇందులో ఉంది: జీవనశైలి బృందంలో బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు, అయినా మధుమేహం తగ్గింది. ‘లావు తగ్గితేనే లాభం’ అన్న మాటతో సన్నగా ఉన్నా పొట్ట పెరిగిన మనవారిని వెనక్కి పంపేయకూడదనడానికి దీన్ని మించిన ఆధారం లేదు. మూడేళ్లలో మామూలు సలహా మాత్రమే పొందిన నియంత్రణ బృందంలో సగం మందికి పైగా అంచు దాటడం కూడా ఇక్కడి వేగానికి గుర్తు.

అదే బృందం 2013లో ఉద్యోగులైన 537 మంది మగవారిని రెండు బృందాలుగా చేసి, రెండేళ్లలో మొబైల్ సందేశాలు అందనివారిలో 27 శాతం మందికి, అందినవారిలో 18 శాతం మందికి వ్యాధి వచ్చినట్టు చూపింది. తర్వాత భారత్, బ్రిటన్‌లలో 2,062 మందితో ఇదే పద్ధతి ప్రయత్నించి 2020లో ప్రకటించినప్పుడు గణాంకపరంగా నిలిచే తేడా రాలేదు. రెండో అధ్యయనంలో మనుషుల్ని హెచ్‌బీఏ1సీతో ఎంచుకున్నారు, మొదటిదానిలో గ్లూకోజ్ తాగించి ఎంచారు. ఈ తేడాను బట్టి రెండింటిలో దేన్నీ తోసిపుచ్చనక్కర్లేదు.

‘డి-క్లిప్’గా పిలిచే చెన్నై అధ్యయనం పేరులోనే సాముదాయిక జీవనశైలి అన్న మాట ఉంది. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, అమెరికాలోని ఎమోరీ విశ్వవిద్యాలయం కలిసి చేశాయి. 578 మంది పాల్గొన్నారు, ఫలితాలు 2016లో వచ్చాయి. వారం వారం 16 తరగతులు, తర్వాత నెలనెలా కలుసుకోవడం, నాలుగు నెలల తర్వాతా ముప్పు తగ్గనివారికి మెట్‌ఫార్మిన్. మూడేళ్లలో ముప్పు 32 శాతం తగ్గింది. తరగతులకు వచ్చినవారిలో 72 శాతానికి చివరికి మాత్ర అవసరమైంది కాబట్టి దీన్ని కేవలం జీవనశైలి విజయంగా రాయడం పొరపాటు. పరగడుపు చక్కెర మాత్రమే పెరిగినవారిలో మేలు తక్కువ (12 శాతం), గ్లూకోజ్ పరీక్షలో తేలినవారిలో ఎక్కువ (31 శాతం).

ఏషియాడ్ కాలనీ

పద్ధతిగా చేసిన పరీక్ష కాకపోయినా, చెన్నై తిరుమంగళంలోని ఏషియాడ్ కాలనీ కథను వదలడానికి లేదు. 1990ల రెండో సగంలో వి. మోహన్ బృందం ఆ మధ్యతరగతి కాలనీనీ, టీ నగర్‌లోని పేదల వాడ భారతీ నగర్‌నూ సర్వే చేసింది. కాలనీలో మధుమేహం 12.4 శాతం, వాడలో 6.5 శాతం. ఫలితాలు తెలిశాక పరిశోధకులు కాలనీలో తిండి గురించీ నడక గురించీ అవగాహన సభలు పెట్టారు. కాలనీవాసులు తమ డబ్బుతో పార్కు కట్టుకున్నారు. వారానికి మూడుసార్లకు మించి వ్యాయామం చేసేవారు 14.2 శాతం నుంచి 58.7 శాతానికి పెరిగారు.

పదేళ్ల తర్వాతి సర్వేలో కాలనీలో మధుమేహం 15.4 శాతానికి మాత్రమే చేరింది, వాడలో 15.3 శాతానికి, అంటే రెండింతలకు పైగా పెరిగింది. ఈ తేడాకు పార్కే కారణమని కొన్ని వ్యాసాల్లో నిశ్చయంగా రాస్తున్నారు. అంత నిశ్చయం తగదు, పోలికకు నియంత్రణ బృందం లేదు, వాడలో ఆదాయం, తిండి రెండూ అదే కాలంలో మారాయి. అయినా ఒక మాట ధైర్యంగా చెప్పవచ్చు: అక్కడ నడిచే చోటును ఎవరో ఇచ్చి వెళ్లలేదు, కాలనీవాసులే సంపాదించుకున్నారు. సర్వే ఫలితాలను సర్వే చేసినవారికే వదిలేయకుండా జనం ముందు పెడితే ఏం జరుగుతుందో ఈ కాలనీ చూపింది.

కేరళ ప్రయోగం

పద్ధతిగా చేసిన సాముదాయిక పరీక్షల్లో దేశంలో ముఖ్యమైనది కేరళ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్. తిరువనంతపురం జిల్లా నెయ్యాట్టింకర తాలూకాలో 60 పోలింగ్ ప్రాంతాలను యూనిట్లుగా తీసుకుంది. శ్రీ చిత్తిర తిరునాళ్ సంస్థలోని అచ్యుత మేనన్ కేంద్రం నుంచి కె. ఆర్. తంకప్పన్, ఆస్ట్రేలియా నుంచి బ్రయాన్ ఓల్డెన్‌బర్గ్ తదితరులు నిర్వహించారు. ఎంపికకు మొదటి మెట్టు మోహన్ రూపొందించిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్: వయసు, నడుము కొలత, శారీరక శ్రమ, తల్లిదండ్రుల చరిత్ర కలిపి వందకు లెక్క, 60 లేదా అంతకు మించితే ఎక్కువ ముప్పు. రక్తం తీయకుండానే ఇంటి దగ్గర వేయగల లెక్క ఇది.

పన్నెండు నెలల్లో 15 సమావేశాలు జరిగాయి. మొదటిది పరిచయం, రెండింటిని నిపుణులు నడిపారు, మిగతా పన్నెండింటిని బృందం లోపలి నుంచే ఎంచుకున్న స్త్రీ పురుష నాయకులు నడిపారు. పెరటి కూరగాయల సాగు, యోగా, కలిసి నడవడం వీటి చుట్టూ అల్లుకున్నాయి. పాల్గొన్న 1,007 మందిలో రెండేళ్ల చివర 964 మందిని మళ్లీ పరీక్షించగలిగారు. మిగతా దేశాల పరీక్షలతో పోల్చినా ఇది గొప్ప హాజరు.

2018లో ఫలితాలు వచ్చాయి. నియంత్రణ ప్రాంతాల్లో 17.1 శాతం, కార్యక్రమం జరిగిన చోట 14.9 శాతం మందికి మధుమేహం వచ్చింది. తేడా గణాంకపరంగా నిలవలేదు. ముప్పు స్కోర్ తగ్గింది, మద్యం తగ్గింది, పళ్లూ కూరగాయలూ తినడం పెరిగింది. కొందరు దీన్ని ‘విఫలమైన పరీక్ష’ అనీ, కొందరు ‘ప్రోత్సాహకరం’ అనీ రాశారు. చేరినవారిలో గణనీయ భాగం గ్లూకోజ్ మామూలుగా ఉన్నవారూ, పరగడుపు చక్కెర మాత్రమే పెరిగినవారూ. డి-క్లిప్‌లో మేలు తక్కువగా కనిపించిందీ ఈ రెండో తరహావారిలోనే. రెండేళ్ల గడువు కూడా చిన్నది. అందువల్ల మొదటి మాట కంటే రెండో మాటకే ఆధారం ఎక్కువ.

విదేశాల్లోని మనవారు

స్కాట్లండ్‌లో భారత, పాకిస్తాన్ మూలాలున్న 171 మందితో రాజ్ భోపాల్ బృందం చేసిన ‘పొదోసా’ పరీక్షలో డైటీషియన్లు మూడేళ్లలో 15 సార్లు ఇళ్లకే వెళ్లి, వంట చేసేవారితో సహా కుటుంబమంతటితో మాట్లాడారు. బరువులో తేడా 1.64 కిలోలు. మధుమేహంలో నిలిచే తేడా కనబడలేదు.

తెలుగు రాష్ట్రాల్లో

గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 4,535 మంది పెద్దలను పరీక్షిస్తే 13.2 శాతానికి మధుమేహం ఉన్నట్టు 2006లోనే వెల్లడైంది. పల్లెలకు ఈ జబ్బు అంటదన్న నమ్మకం అప్పుడే కూలిపోవలసింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశం మొత్తం మీద 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి అంచు స్థితి ఉందని లెక్కగట్టింది.

ఇప్పుడు జాతీయ పథకం కింద 30 ఏళ్లు దాటినవారి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి ముప్పు పత్రం నింపుతుంది. వేలి చుక్క రక్తంతో ఏ వేళనైనా చేసే పరీక్షలో 140 దాటితే పై ఆసుపత్రికి పంపుతారు. మధుమేహం ఉన్నవారిని పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది. కార్యక్రమం వల్ల ఎవరు ఎక్కువ మేలు పొందుతారని చెన్నై లెక్కలు చూపాయో, ఆ గ్లూకోజ్ తాగించిన తర్వాత మాత్రమే బయటపడే అంచువారు ఈ వడపోతలో చాలావరకు జారిపోతారు. ముప్పు స్కోర్ ఎక్కువ వచ్చినవారికి పల్లె దవాఖానలో, విలేజ్ క్లినిక్‌లో రెండు గంటల గ్లూకోజ్ పరీక్ష ఒక్కసారైనా చేయించి, అక్కడే పొరుగువారి బృందంలో చేర్చడం మొదట జరగవలసిన పని.