గరిక నేర్పిన పాఠం

గరికను గురించి మీకు కొత్తగా చెప్పవలసిందేమున్నది? వినాయక చవితి నాడు పూజకు వెతికి మరీ తెచ్చుకుంటాం. మర్నాడు చేలో కనిపిస్తే పార పట్టి తవ్వి పారేస్తాం. ఎంత తవ్వినా ఒక్క కణుపు మిగిలితే చాలు, తొలకరికి మళ్లీ అల్లుకుపోతుంది. ఈ మొండితనాన్నే ఆస్తిగా మార్చిన ఒక శాస్త్రజ్ఞుని కృషిని, దానికీ మన సజ్జ పంటకూ వున్న సంబంధాన్ని తెలుసుకుందాం.

అమెరికాలోని జార్జియా రాష్ట్రం పత్తి పండే సీమ. అక్కడి రైతుకు కూడా గరిక పెద్ద కలుపే. ఆ రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రానికి 1936లో గ్లెన్ బర్టన్ అనే యువ శాస్త్రజ్ఞుడు వచ్చాడు. టిఫ్టన్ దగ్గరి పత్తిచేలో దొరికిన గరికను, దక్షిణాఫ్రికా నుండి వచ్చిన పొడుగు గరికతో సంకరపరిచాడు. అలా వచ్చిన 5,000కు పైగా మొక్కలను నాటి, వాటిలో మేలైనదాన్ని ఏరుకుంటూ పోయాడు. చివరకు నిలిచిన రకమే 1943లో విడుదలైన కోస్టల్ గరిక. పత్తి రైతు పీకి పారేసిన గడ్డి, పశువులకు మంచి మేతగా లక్షల ఎకరాలకు పాకింది.

మేతకైతే గడ్డి ఎత్తుగా పెరగాలి. ఆటస్థలానికి, ఇంటి ముంగిలికి కావలసిన పచ్చిక వేరు. అది పొట్టిగా, దట్టంగా వుండాలి, తొక్కినా తిరిగి లేవాలి, ఎండను ఓర్చుకోవాలి. అమెరికా గోల్ఫ్ సంఘం ఆర్థిక సహాయంతో 1946 నుండి బర్టన్ ఈ పని కూడా చేపట్టాడు. 1952లో టిఫ్‌లాన్, 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే రకాలు బయటికి వచ్చాయి.

ఈ చివరి రెండూ మామూలు గరికకూ, ఆఫ్రికాలోని సన్నాకు గరికకూ పుట్టిన సంకరాలు. మామూలు గరికలో క్రోమోజోములు 36, సన్నాకు గరికలో 18. బిడ్డకు తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వచ్చి 27 అవుతాయి. ఇవి జతలుగా సరిపోవు గనుక మొక్క గింజ కట్టదు. మన తోటల్లోని అరటికి గింజ లేకపోవడానికీ ముఖ్యమైన కారణం ఇలాంటిదే. అరటికి పిలక ఎట్లాగో, ఈ పచ్చికకు కాడ ముక్క అట్లాగ. ముక్క ముక్కకూ అదే గుణం వస్తుంది. ఇందులో లాభం వున్నది, ప్రమాదమూ వున్నది. అన్నీ ఒకే రకమైతే, ఒక మొక్కను పడగొట్టే తెగులు అన్నిటినీ పడగొట్టగలదు.

ఈ ప్రమాదం గరికలో కాదు, సజ్జలో మనకు అనుభవానికి వచ్చింది. బర్టన్ సజ్జ మీద కూడా పనిచేసి, పుప్పొడి పనిచేయని టిఫ్ట్ 23ఏ అనే తల్లి రకాన్ని తయారుచేశాడు. దానితో లూధియానాలో రూపొందిన హెచ్‌బీ-1 సంకర సజ్జ 1965లో విడుదలైంది. దిగుబడులు బాగా పెరిగాయి. ఆ తల్లితోనే మరికొన్ని సంకరాలు కూడా వచ్చి, దేశమంతటా వ్యాపించాయి. కాని ఆ తల్లికి వెర్రికంకి తెగులును తట్టుకొనే శక్తి లేదు. 1970ల మొదట్లో తెగులు విజృంభించి, కంకిలో గింజకు బదులు ఆకుల కుచ్చులు మిగిలాయి. తర్వాత తెగులును తట్టుకొనే రకాల కోసం పాటుపడిన సంస్థల్లో మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఒకటి. అక్కడ తయారైన డబ్ల్యూసీ-సీ75 రకం 1982లో విడుదలైంది.

టిఫ్టన్‌లో గరిక పని బర్టన్‌తో ఆగలేదు. తక్కువ నీటితో పచ్చగా నిలిచే టిఫ్‌టఫ్ రకం 2014లో వచ్చింది.

కనుక పచ్చిక వేయదలచినవారూ, వేయించే విస్తరణ ఉద్యోగులూ ఈ మాటలు గుర్తుంచుకోవాలి. సంకర పచ్చికకు విత్తనం కోసం వెతకవద్దు. నమ్మకమైన నారుమడి నుండి కాడ ముక్కలు తెచ్చుకోండి. నాటే ముందు ఆ నేలలోని పాత గరికను కణుపు మిగలకుండా ఏరివేయండి. మిగిలితే రెండూ కలిసిపోయి రకం చెడుతుంది. వేరు పట్టేదాకా తడి ఆరనివ్వకండి. పొలం గట్టుకు, చెరువు కట్టకు కొన్న రకం అక్కరలేదు. మట్టి కోసుకుపోకుండా పట్టడానికి మన ఊరి గరికే చాలు.

చేలో గరికను తవ్వక తప్పదు. కాని మండువేసవిలో అన్నీ మాడిపోయినా ఒకచోట పచ్చగా నిలిచిన గరిక కనబడితే, ఆ చోటు గుర్తుపెట్టి మీ విస్తరణాధికారికి చూపండి. కోస్టల్ గరికకు మూలమైన మొక్క కూడా ఒక రైతు పత్తిచేలో దొరికినదే.