హృద్రోగియు వ్యాయామమును

నడచినంతనే ఱొమ్మున పట్టి, నిలిచినంతనే విడిచెడు నొప్పిని 1772లో విపులముగ వర్ణించిన ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్, తన రోగులలో నొకడు దినమున కరగంట కట్టెలు కోయుటను నియమముగ పెట్టుకొని దాదాపు స్వస్థుడైనట్లు, తన మరణానంతరము 1802లో వెలువడిన గ్రంథమున వ్రాసియుంచెను. ఆ వాక్యమునకు విలువ కట్టుటకు వైద్యలోకమునకు శతాబ్దమున్నర పైగా పట్టినది.

ఇంత విలంబమునకు హేతువు అతిజాగ్రత్తయే. 1912లో జేమ్స్ హెరిక్ హృదయధమనిలో రక్తము గడ్డకట్టుటను సజీవుడైన రోగియందే గుర్తింపవచ్చునని చూపిన పిదప, గాయపడిన గుండెకండరము మచ్చకట్టి గట్టిపడువఱకు, అనగా ఇంచుమించు ఆరు వారములు, రోగి మంచము దిగరాదను కట్టుబాటు స్థిరపడెను. తన చేతితో తానన్నము తినుటయు, ఒత్తిగిల్లుటయు సైతము నిషిద్ధమైన ఆ కాలమున, గుండెపోటును తప్పించుకొన్నవారే కాలిసిరలలో పేరుకొన్న రక్తపుగడ్డ ఊపిరితిత్తులకు చేరగా మరణించుచుండిరి. దయతో విధించిన విశ్రాంతియే ప్రాణము తీయుట వైద్యచరిత్రలో మిక్కిలి శోచనీయమైన ఘట్టమని నా తలంపు.

1952లో బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ రోగులను తొలిదినములలోనే చేతులకుర్చీలో కూర్చుండబెట్టి, వారికి కీడు కలుగలేదని ప్రకటించిరి. మరుసటి యేట, లండన్ బస్సులలో కూర్చుండి నడపు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ చూపెను. 1966లో డాలస్ నగరమున ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారములు మంచమున నుంచగా వారి శ్రమశక్తి నాల్గవవంతుకు పైగా క్షీణించెను. పిమ్మట శిక్షణచే తిరిగి వృద్ధిపొందెను. నిరోగులకే ఇట్టి దుర్బలత కలిగినపుడు రోగుల మాట చెప్పనేల? 1980ల చివర, అంతవఱకు జరిగిన పరీక్షలను కూర్చి చూడగా, వ్యాయామశిక్షణతో కూడిన పునరావాసమున హృద్రోగమరణములు సుమారు అయిదవవంతు తగ్గినట్లు తేలినది.

వ్యాయామము పూడుకొన్న ధమనిని స్టెంటువలె తెరవదు. అయినను, కాలికండరములు రక్తమునందలి ప్రాణవాయువును నేర్పుగ గ్రహించుట నభ్యసించుటచే, అదే మెట్లవరుస నెక్కునపుడు గుండె మునుపటికంటె తక్కువసార్లు కొట్టుకొనును; ధమనుల లోపొర వానిని సమయమునకు సడలించి విచ్చుకొనజేయు శక్తిని కొంత తిరిగి పొందును.

తెలుగునాట ఉభయగోదావరి జిల్లాలలో 45 గ్రామములను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనము, మరణములలో దాదాపు మూడవవంతు గుండె, రక్తనాళ వ్యాధులవలననే యని చాటినది. స్టెంటు, శస్త్రచికిత్స మాత్రము శీఘ్రముగ వచ్చినవి: 1990లలో హైదరాబాదున డాక్టరు సోమరాజు, అబ్దుల్ కలాము కూడి చవకైన స్టెంటును రూపొందించిరి; 2007లో ఆరోగ్యశ్రీ పథకము పేదవానికి హృదయశస్త్రచికిత్సను అందుబాటునకు తెచ్చెను. కాని ఇంటికి మరలు రోగికి “రోజూ నడువుము” అను మాటకు మించి, ఎంత, ఎట్లు, ఎవరి పర్యవేక్షణమున అనునది చెప్పువారు నేటికిని అరుదు. భారతదేశమున 24 ఆసుపత్రులలో సుమారు నాలుగువేలమందిపై జరిగి 2020లో వెలువడిన యోగశిక్షణా పరీక్ష మరణములను స్పష్టముగ తగ్గించినదని నిరూపింపలేకపోయినను, రోగులు తమ పూర్వపు పనులకు మరలుటకు తోడ్పడినట్లు తెలిపినది.

దినమెల్ల కంప్యూటరు ముందర కూర్చుండు ఉద్యోగుల నివాసమైన నార్సింగి నుండి కొల్లూరు వఱకు, హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన, సౌరఫలకముల నీడలో 14.5 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైనది. ఇట్టి బాట హృద్రోగికిని వరమే. కాని ట్రెడ్‌మిల్ పరీక్షయు, కొన్ని వారముల పర్యవేక్షిత శిక్షణయు ముందు జరిగినచో మాత్రమే. బీటా బ్లాకరు మాత్ర వేసికొనువాని గుండె శ్రమలోను అంతగా వేగము పుంజుకొనదు గనుక, చేతిగడియారము చూపు నాడిసంఖ్యను నమ్మి వేగము పెంచుట ప్రమాదకరము. మాటాడగలిగియు పాడలేనంతటి ఆయాసమే వానికి తగిన కొలత. ఱొమ్మున ఏ మాత్రము బరువు తోచినను వెంటనే నిలువవలెను.