నిలబడి తెడ్డు వేసే సర్ఫింగ్ పలక

నిలబడి తెడ్డు వేసుకుంటూ కెరటాలెక్కే ఆటను హవాయి భాషలో ‘హోయె హెఎ నలు’ అంటారు. హోయె అంటే తెడ్డు, హెఎ నలు అంటే కెరటం మీద జారడం. ఇంగ్లిషు పేరు స్టాండప్ ప్యాడిల్ సర్ఫింగ్ కాగా, ఆటగాళ్ల నోట అది ‘సప్’ అయింది. దీని పలకల్లో ఇన్ని రకాలు ఉండడానికి కారణం కెరటాలే.

20వ శతాబ్దం మధ్యకాలంలో హవాయిలోని వైకీకీ తీరాన పర్యాటకులకు సర్ఫింగ్ నేర్పే ‘బీచ్ బాయ్స్’లో కొందరు పెద్ద పలకలపై నిలబడి, పడవ తెడ్డుతో తిరిగేవారు. జాన్ ఆ చోయ్, ఆయన కొడుకులు బాబీ, లీరాయ్ వారిలో ప్రసిద్ధులు. నిలబడితే దూరాన లేచే కెరటమూ కనిపిస్తుంది, చుట్టూ ఉన్న శిష్యుల మీదా చూపు ఉంటుంది. వైకీకీలో కెరటాలు ఒడ్డుకు దూరంగా పగడపు దిబ్బల మీద లేచి, తీరిగ్గా సాగి వస్తాయి. అలాంటి మెత్తని వాలుకు పొడవాటి చదును పలక చక్కగా సరిపోతుంది. కెరటం పూర్తిగా నిక్కకముందే దాన్ని అందుకుంటుంది.

1990లలో మావి ద్వీపంలో లెయిర్డ్ హామిల్టన్, డేవ్ కలామా ఈ పద్ధతిని మళ్లీ పట్టుకున్నారు. వారు వాడినవి ఇద్దరు ఎక్కే టాండెమ్ పలకలు, సుమారు 12 అడుగులవి. పడవ తెడ్లు పొట్టివి కావడంతో నడుము వంచాల్సి వచ్చేది. మనిషి ఎత్తును మించిన తెడ్లు అందుకే పుట్టాయి. 2003లో ఓహూ ద్వీపంలోని మకాహాలో జరిగే ‘బఫెలో’ సర్ఫింగ్ పోటీలకు బ్రయన్ కియావులానా ఈ విభాగాన్ని చేర్చారు. మరుసటి ఏడాది రిక్ థామస్ దీన్ని కాలిఫోర్నియాకు తీసుకెళ్లారు.

ఆట నిటారు కెరటాల దగ్గరకు చేరేసరికి పాత పలక ఇబ్బంది పెట్టింది. కెరటం గోడలా నిలిచినప్పుడు చదును పలక ముక్కు నీళ్లలో గుచ్చుకుని, మనిషి ముందుకు ఎగిరిపడతాడు. అందుకని పలకను పొట్టిగా చేసి, ముక్కును పడవ కొమ్ములా పైకి వంచారు. ఆ వంపును ‘రాకర్’ అంటారు. అయితే వంపు ఎక్కువైన పలక నిలకడ నీటిలో మందగిస్తుంది.

పలకను ఎంత తగ్గించవచ్చో తేల్చేది తేలే గుణం. మామూలు సర్ఫర్ పలక మీద బోర్లా పడుకుంటాడు. పలక సగం మునిగినా నష్టం లేదు. సప్‌లో కెరటం కోసం ఎదురుచూసేటప్పుడూ నిలబడే ఉండాలి. లీటరు నీరు దాదాపు కిలో బరువును మోస్తుంది కాబట్టి, 80 కిలోల మనిషికి, 8 కిలోల పలకకు కలిపి 88 లీటర్ల ఘనపరిమాణం ఉంటే అది అంచు మీది లెక్కే. కొత్తవారికి 150 లీటర్లు, 30 అంగుళాలకు పైబడిన వెడల్పు ఉంటే కాళ్లు కుదురుకుంటాయి. పోటీల్లో పొట్టి పలకను చూడగానే కొనేవారు ఈ లెక్కను ముందు వేసుకోవాలి.

పొట్టి పలక చిన్న కెరటాలకు పనికిరాదనుకోవడమూ పొరపాటే. బలహీనమైన కెరటానికి పొట్టిగా ఉన్నా తోక వెడల్పుగా, అడుగు చదునుగా ఉన్న పలక తొందరగా నీటి పైకి లేస్తుంది. ఓహూ ఉత్తర తీరంలోని సన్‌సెట్ బీచ్‌లో చలికాలపు భారీ కెరటాల సంగతి వేరు. వేగంలో పట్టు తప్పకుండా అక్కడ పొడవుగా, సన్నగా, తోక మొన తేలిన ‘గన్’ పలకలు కావాలి.

గాలి నింపే పలకలు ప్రయాణాలకు హాయి. కానీ వాటి గుండ్రని మందపు అంచులు నిటారు కెరటాన్ని కోసి పట్టుకోలేవు.

మన తీరానికి వస్తే, తెప్పల మీద తెడ్డేసుకుంటూ కెరటం దాటడం ఉత్తరాంధ్ర జాలరులకు తరతరాల పనే. విశాఖ దగ్గరి ఋషికొండలో కెరటం విరిగేది ఇసుక నేల మీద. మేటలు కదిలినకొద్దీ విరిగే చోటూ మారుతుంది. ఒడ్డు దగ్గరే ఉన్నట్టుండి లేచే అలాంటి కెరటానికి వైకీకీ నాటి 12 అడుగుల పలక తిప్పడానికి చోటు చాలదు. ముక్కు వంపు ఉన్న 8, 9 అడుగుల పలక అక్కడ నయం.