అలెగ్జాండరు అను పేరు

నామసామ్యము చరిత్ర చదువువారికి తఱచుగా చిక్కు కలిగించును. ఒకే పేరు గలవారు పలువురుండి, వారిలో ఒక్కడు మాత్రమే జగత్ప్రసిద్ధుడైనచో, తక్కినవారి కథ ఆ ఒక్కని కీర్తిలో మునిగిపోవును. గ్రీకు నామములలో అలెగ్జాండరు అనునది అట్టిది. ఈ పేరు వినినంతనే, క్రీ. పూ. 326లో ఝీలము నదీతీరమున పురురాజుతో పోరిన మాసిడోనియా ప్రభువే పాఠకుని మనస్సున మెదలును. కాని ఆ పేరు ఆతనితో పుట్టలేదు. ఆతనితో ముగియనూ లేదు. అశోకుని శాసనమున కెక్కిన అలెగ్జాండరు సైతము ఆతడు కాడు.

గ్రీకు భాషలో ఈ పేరునకు నరులను రక్షించువాడని అర్థము. 1952లో మైకేల్ వెంట్రిస్ అను ఆంగ్లేయుడు, లీనియర్ బి అను లిపిలోని భాష గ్రీకేయని కనుగొని దానిని చదువగలిగెను. పిమ్మట మైసీనీ నగరపు మట్టిపలకలలో ఒకదానియందు ఈ పేరు బయల్పడినది. ఆ పలక క్రీ. పూ. 13వ శతాబ్దినాటిది. విశేషమేమనగా, అందు కనబడునది పురుషుడు కాదు, అలెగ్జాండ్రా అను స్త్రీ. ఇంచుమించుగా ఆ కాలముననే హిట్టైటు చక్రవర్తి రెండవ మువతల్లి, ఆసియా మైనరు పడమటి భాగమున విలుస అను రాజ్యమునేలు అలక్సందు అను వానితో సంధి చేసికొనెను. విలుస యనగా ట్రాయి నగరమేయని పెక్కుమంది పండితుల అభిప్రాయము. హోమరు కావ్యమున ట్రాయి రాజకుమారునికిని ఈ పేరే యుండుటచే ఆ సంధిపత్రము పండితులను మిక్కిలి ఆకర్షించినది. అయినను పేరు కలిసినంత మాత్రమున ఇద్దరును ఒక్కరేయని నిశ్చయింపరాదు.

ఆ రాజకుమారుడు లోకమున పారిస్ అను పేర ప్రసిద్ధుడు. కాని ఇలియడ్ కావ్యమున ఆతనిని పారిస్ అని పిలిచిన తావులకంటె అలెగ్జాండరని పిలిచిన తావులే ఎక్కువ. ఆతడు గర్భమున నున్నపుడు తల్లి హెకుబాకు మండుచున్న కొఱవిని ప్రసవించినట్లు కల వచ్చెను. పుట్టువాడు నగరమునకు నాశహేతువగునని స్వప్నఫలము తెలియుటచే శిశువును ఐడా పర్వతమున విడిపించిరి. ఆతడు గొల్లలయొద్ద పెరిగి, దొంగలను తఱిమి మందలను కాచినందున రక్షకుడను ఈ పేరు వచ్చెనని అపొలొడోరస్ పేర వెలసిన పురాణసంగ్రహమున కలదు. మందలను కాచిన ఆ చేతులే పిమ్మట స్పార్టా రాణియగు హెలెనును కొనివచ్చి, కన్న పురమును అగ్నికి ఆహుతి చేసినవి. రాబోవు వినాశమును ముందుగా చెప్పియు ఎవ్వరిచేతను నమ్మబడని ఆతని సోదరి కసాండ్రాకును అలెగ్జాండ్రా అను నామాంతరము కలదు. పురమును చెఱచిన అన్నకును, కాపాడజూచిన చెల్లెలికిని పేరొక్కటే.

చరిత్రకాలమున ఈ పేరు మాసిడోనియా రాజవంశమున స్థిరపడెను. క్రీ. పూ. 5వ శతాబ్ది పూర్వార్ధమున పాలించిన మొదటి అలెగ్జాండరు పారసీకులకు సామంతుడు. వారి సేనాని మర్దోనియసు తరఫున ఏథెన్సునకు సంధిమాటలు కొనిపోయినవాడు. అయినను 479లో ప్లటీయా యుద్ధమునకు ముందు రాత్రివేళ రహస్యముగా గ్రీకుల శిబిరమునకు వచ్చి శత్రువుల ఆలోచనను తెలిపెనని హెరొడోటసు వ్రాసెను.

థెస్సలీ సీమలోని ఫెరై నగరమును క్రీ. పూ. 369 నుండి 358 వరకు ఏలిన అలెగ్జాండరు పరమక్రూరుడు. మనుష్యులను ప్రాణములతో పాతిపెట్టించెనని ప్లూటార్కు చెప్పెను. ఈతడొకప్పుడు యూరిపిడీసు రచించిన ‘ట్రాయి స్త్రీలు’ అను నాటకమును చూచుచు నడుమనే లేచి వెడలిపోయెనట. నటుని లోపము అందులకు కారణము కాదు. తాను చంపించినవారిలో ఒక్కరికొఱకైనను కరగనివాడు హెకుబా దుఃఖమునకు కన్నీరు కార్చుట పౌరులు చూతురేమోయని సిగ్గుపడెను. ఆ హెకుబా కన్న కొడుకు పేరే తన పేరు. తుదకు ఈతని భార్యయగు థీబీ తన సోదరులచే ఈతనిని చంపించెను.

మాసిడోనియా రాజులలో మూడవ అలెగ్జాండరే జగజ్జేతయని పేరొందినవాడు. క్రీ. పూ. 334లో ఆసియాకు దాటి ఆతడు ట్రాయిని దర్శించెను. పారిస్ వాయించిన వీణను చూచెదరాయని ఒకరు అడుగగా, అది తన కక్కరలేదనియు, వీరుల కీర్తిని పాడిన అకిలీసు వీణను చూడగోరుచున్నాననియు చెప్పెనట. తన పేరిటివానిని కాదని, తల్లివైపున తన వంశమునకు మూలపురుషుడని చెప్పబడు అకిలీసును వరించెను. 323లో ఆతడు బాబిలోనున మరణించిన పిమ్మట పుట్టిన కుమారునకును ఆ పేరే పెట్టిరి. ఆ బాలుని, తల్లి రొక్సానాతో కూడ, క్రీ. పూ. 310 ప్రాంతమున కసాండరు చంపించెను. నరరక్షకుడను పేరుగల ఆ బాలునకు రక్షకుడు దొరకలేదు.

ఆ కాలపు భారతీయ వాఙ్మయము ఈ జగజ్జేత పేరెత్తలేదు. శతాబ్దులు గడచిన పిమ్మట ఆ పేరు పారసీకుల నోట సికందరుగా మాఱి ఈ దేశమునకు వచ్చినది. 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన సికిందరాబాదున అది నేటికిని నిలిచియున్నది. అయితే అంతకు ఎంతయో పూర్వమే ఈ పేరు భారతభూమిపై శిల కెక్కినది. అశోకుని పదుమూడవ శిలాశాసనమున, షాబాజ్‌గఢీ ప్రతియందు, ‘అలికసుదరో’ అని కలదు. ఈతడు జగజ్జేత కానేరడు. ఆతడు చనిపోయి అప్పటికి సుమారు డెబ్బది యేండ్లయినది. ఈతడు పిర్రసు కుమారుడైన ఎపిరసు రాజని కొందరును, కొరింతు నేలిన క్రేటరసు కుమారుడని కొందరును తలంతురు. ఇది కేవలము పండితుల వినోదము కాదు. అంతియోకుడు, తురమాయుడు, అంతికిని, మగుడు, ఈ అలికసుదరుడు అను అయిదుగురును కూడ జీవించియున్న కాలము మిక్కిలి స్వల్పము. దానినిబట్టియే అశోకుని పట్టాభిషేకము క్రీ. పూ. 270 ప్రాంతమున జరిగెనని చరిత్రకారులు నిర్ణయించిరి. ప్రాచీన భారతచరిత్రలోని పెక్కు తేదీలకు ఈ నిర్ణయమే ఆధారము. అలికసుదరుడు జగజ్జేతయని పొరబడినచో ఆ లెక్క యంతయు తలక్రిందులగును.

ఆ శాసనము విజయగాథ కాదు. కళింగయుద్ధమున 1,50,000 మంది చెరపట్టబడి తరలింపబడిరనియు, 1,00,000 మంది హతులైరనియు చెప్పి, అందులకు రాజు పశ్చాత్తాపము ప్రకటించెను. ధర్మవిజయమే నిజమైన విజయమని చాటి, ఆ విజయము వ్యాపించిన దేశములను ఎన్నుచు దూరపు యవనరాజులను పేర్కొనెను. ఆంధ్రుల పేరును ఆ శాసనముననే కలదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శిలలపైనను ఆ శాసనము చెక్కబడియున్నది. పేరుగన్న విజేతకు దొరకని చోటు అంతగా పేరులేని ఒక అలెగ్జాండరునకు, నరులను చంపుట తప్పని యొప్పుకొనిన రాజు మాటలలో దొరకినది.