నలుబది యెనిమిది వోల్టులు

హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేట వినాయక విగ్రహములకును, గాలిపటములకును పేరుపడినది. అట్టి ఇరుకు వీధులలో బ్యాటరీ ఆటో గలవారు రాత్రివేళ దానిని గుమ్మము ముందే ఛార్జి చేసికొనవలసి యుండును. బ్యాటరీపైన 48 వోల్టులు, ఛార్జరుపైన 48 వోల్టులు అని యున్నచో చాలునా? చాలదు. కారణము బ్యాటరీ చరిత్రలోనే కలదు.

1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే సీసపు పలకలను సజల గంధకికామ్లములో ముంచి, మరల మరల ఛార్జి చేయదగిన బ్యాటరీని నిర్మించెను. అప్పటికి వాడుకకు తగిన డైనమో లేదు; ఆయన బన్సెన్ ఘటములతో ఛార్జి చేసెను. బన్సెన్ ఘటపు వోల్టేజి సుమారు 1.9, సీసపు ఘటమునది సుమారు 2. నీరు పల్లమునకే పారునట్లు విద్యుత్తు హెచ్చు వోల్టేజి నుండి తక్కువ వైపునకే పోవును గదా! కావున ఒక్క బన్సెన్ ఘటము చాలదు. రెండింటినైనను శ్రేణిలో కలుపవలెను.

అయితే ఎంత హెచ్చు ఉండవలెను? సీసపు ఘటమునకు 2.4 వోల్టులు మించినచో నీరు ఉదజని, ఆమ్లజని వాయువులుగా విడిపోవును. పాత మోటారు బ్యాటరీలకు మూతలుండెడివి. తగ్గినంత స్వేదనజలము పోసెడివారు. ఛార్జరు కొంత మోటుదైనను పని గడచెడిది. తరువాత మూసివేసిన బ్యాటరీలు వచ్చినవి. 1985లో స్థాపింపబడి, తిరుపతి సమీపమున కర్మాగారము గల అమరరాజా సంస్థ వీనిని విరివిగా చేసినది. వీనిలో నీరు పోయుటకు వీలులేదు. అందుచేత ఎల్లప్పుడును ఛార్జిలో నుండు 12 వోల్టుల బ్యాటరీకి, 6 ఘటములకు 2.25 చొప్పున, 13.5 వోల్టులు ఇచ్చుట వాడుకయ్యెను. అర వోల్టు హెచ్చుగా నెలల తరబడి ఇచ్చినచో లోపల ఎండిపోవును. తగ్గినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడును.

ఘటము మారినచో లెక్కయు మారును. హైదరాబాదుననే 1977లో ఆరంభమైన హెచ్‌బీఎల్ సంస్థ చేయు నికెల్–కాడ్మియము ఘటము 1.2 వోల్టులదే, 12 వోల్టులకు 6 కాదు, 10 ఘటములు కావలెను.

అసలు చిక్కు లిథియముతో వచ్చినది. 1991లో సోనీ సంస్థ లిథియము–అయాను బ్యాటరీని విపణిలోనికి తెచ్చెను. ఇందు సాధారణముగా ఘటమునకు 4.2 వోల్టులు మించరాదు. ఇపుడు లెక్క చూడుడు. 48 వోల్టుల సీసపు బ్యాటరీలో 24 ఘటములుండును. దాని ఛార్జరు 57.6 వోల్టుల వరకు పోవును. 48 వోల్టుల లిథియము బ్యాటరీలో 13 ఘటములు; దాని హద్దు 54.6. పేరొకటే, తేడా 3 వోల్టులు! సీసపు ఛార్జరును దీనికి తగిలించినచో ఒక్కొక్క ఘటముపై 4.43 వోల్టులు పడును. ఋణధ్రువముపై లిథియము లోహము పేరుకొనును. ఘటము వేడెక్కి, లోపలి ద్రవము అంటుకొనును. లోపలి రక్షణ వలయము ఛార్జిని ఆపవలెను. అది చెడినచో ఆపునది లేదు. లిథియములోనే ఇనుప ఫాస్ఫేటు రకమునకు 16 ఘటములు, హద్దు 58.4, ఆ ఛార్జరు 13 ఘటముల బ్యాటరీకి మరింత ప్రమాదకరము.

2022 ఏప్రిలులో విజయవాడలో ఇంటిలో ఛార్జి అగుచున్న స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించిరి. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున మంటలు లేచి, పై అంతస్తుల వసతి గృహములోని 8 మంది మరణించిరి. అన్నిటికిని ఛార్జరే కారణమని చెప్పరాదు. అయినను 2022 డిసెంబరు 1 నుండియు, 2023 మార్చి 31 నుండియు రెండు దశలుగా అమలైన ఏఐఎస్–156 సవరణలలో, వోల్టేజి హద్దు చేరగానే ఛార్జి ఆగిపోవలెనని విధించిరి. అంతకు ముందు కొన్న ఛార్జరులకు ఈ విధి లేదు. వానిపైన పెద్ద అక్షరములలోని 48ను గాక, చిన్న అక్షరములలోని గరిష్ఠ వోల్టేజిని చదివి, బ్యాటరీలోని ఘటముల సంఖ్యచే భాగించి చూడవలెను.